బోటీ కూర నేర్చుకుంటానన్న వదినకు

వినీల వదినకు,

నీ వీడియో ఇక్కడ మన ఊరు తడలో అందరం చూశాము. "మా అత్తగారి తరతరాల బోటీ కూర" అని ఎంత ముద్దుగా చెప్పావో! కొత్తకోడలిగా వచ్చినప్పుడు, "పేగులు మనుషులు తింటారా?" అని అదే కూరను దిబ్బ మీద పారబోసింది నువ్వే. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు.

ఇప్పుడు ఆ బోటీ కూరతో పాటు తలకాయ కూర, రక్తం వేపుడు కూడా అమ్మ దగ్గర నేర్చుకోవడానికి ఆదివారం కెమెరాతో వస్తానని రాశావు. అమ్మకు చదివి వినిపిస్తే పడీపడీ నవ్వింది.

"రమ్మనవే, నేర్పిస్తా. పేగులు మటుకు ఆమే తిరగేసి కడగాల. అది కూడా వీడియోలో పెట్టమను" అంది.

పొట్టేలు పేగులు ఆదివారం పొద్దున్నే తెప్పించి ఉంచుతాం. నెల్లూరు నుంచి వచ్చేటప్పుడు పట్టుచీర కట్టుకోవద్దు వదినా, పాడైపోతుంది.

నీ ఆడపడుచు