పన్నెండు కిలోలు

నవంబరు 11, సోమవారం
టికెట్ కౌంటర్, మధ్యాహ్నం విరామం

చెల్లీ, నా పిచ్చికా,

అక్క దీవెనలు. ఇక్కడంతా క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద కదా, పెడుతున్నాను. మీ బావ క్షేమం, పిల్లలు క్షేమం, నా మోకాళ్ళు మాత్రం నన్ను నోటికొచ్చినట్టు తిడుతున్నాయి. నువ్వూ మరిదీ పాపా ఎలా ఉన్నారు? ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే నా గొంతులో వణుకు పట్టేస్తావు. అందుకే కాగితం.

ముందు మంచి కబురు. ఈ ఉదయం ఆసుపత్రిలో తూకం చూశారు. డెబ్బై మూడు కిలోల ఎనిమిది వందలు. ఏప్రిల్లో ఎనభై ఆరు. నా కిడ్నీ నీకు సరిపోతుందని తేలిన రోజు డాక్టరు ఏమన్నాడో గుర్తుందా? రక్తం కలిసింది, అన్నీ కలిశాయి, మీ బరువొక్కటే కలవలేదు, పన్నెండు కిలోలు తగ్గితే గానీ కత్తి పట్టను అన్నాడు. నువ్వు మొహం గోడవైపు తిప్పుకున్నావు. నేనేమో అదెంత పని, చిటికెలో తగ్గిపోనూ అని కోతలు కోశాను.

తగ్గడమంటే కడుపు మాడ్చుకోవడం అనుకున్నాను. తిండి సంగతులు చెప్పే ఆవిడ ఒప్పుకోలేదు. పళ్ళెంలో సగం కూరగాయలు, పావు గుడ్లో చిక్కుళ్ళో, మిగతా పావే రొట్టె అంది. టీలో చక్కెర మానెయ్యమంది. మొదటి వారం ఆ టీ తాగుతుంటే ఎవరి మీదో పగ తీర్చుకుంటున్నట్టుండేది. ఇక వ్యాయామం. ఇరవై ఏళ్ళుగా కిటికీ ఇవతల కూర్చుని, బస్సుల కోసం జనం పరుగెత్తడం చూడటమే కదా నేను చేసింది! పక్కింటి డ్రిల్లు మాస్టారు నన్ను పట్టుకున్నారు. నడుస్తూ మాట్లాడగలిగినంతసేపూ ఆగక్కర్లేదన్నారు. నీకెలాగూ మాటలు ఆగవు కదమ్మా, నడు అన్నారు.

ఏడు వారాల్లో అయిదు కిలోలు పోయాయి. జూన్, జూలై రెండు నెలలూ ఎనభై ఒకటి దగ్గర ముల్లు కదల్లేదు. ఒళ్ళు మొండికేసిందని నీకు ఫోన్లో చెప్పాను. ఆగస్టు నుంచి మళ్ళీ దిగడం మొదలైంది. ఇప్పుడు మా ఇంటి మూడంతస్తులూ ఆయాసం లేకుండా ఎక్కుతున్నాను. పాత జాకెట్టు వేసుకుంటే నాతోపాటు ఇంకొకరు దూరొచ్చు.

వచ్చే వారం గురువారం ఆపరేషను. తేదీ ఖాయమైంది. బుధవారమే ఇద్దరం చేరాలి.

చెల్లీ, నాకు చాలా భయంగా ఉంది. కౌంటర్లో ప్రతివాళ్ళనీ అడగాలి కదా, పోవడానికేనా, రానూపోనూనా అని. ఆ మాట అన్నాక ఈమధ్య చిల్లర తప్పు లెక్కపెడుతున్నాను. అమ్మ కూడా చిన్న ఆపరేషనే, సాయంత్రానికి లేచి కూర్చుంటానంటూ నాతో జడ వేయించుకుని వెళ్ళింది. నీకప్పుడు ఆరేళ్ళు, గుర్తుండదు. నాకు పద్నాలుగు. ఆ స్ట్రెచర్ చక్రమొకటి కీచుమంటూ వెళ్ళింది. ఎక్కడ తలుపు కిర్రుమన్నా నా పై ప్రాణాలు పైనే పోతాయి. మీ బావకి చెప్పలేదు. చెబితే ఆయనకి నేను ధైర్యం చెప్పాల్సి వస్తుంది.

పాపకి ముద్దులు. నీళ్ళు కొలత ప్రకారమే తాగు.

నీ బొద్దక్క
(ఆ పేరుకి ఇక కాలం చెల్లినట్టే)

తా.క.: సంతకం చేశాక కూడా కలం కింద పెట్టలేకపోతున్నాను. జూన్, జూలైల్లో నా ఒళ్ళు మొండికెయ్యలేదే. మొండికేసింది నేను. మాస్టారితో మోకాలి నొప్పని అబద్ధమాడి, బేకరీ వెనక బల్ల మీద కూర్చుని వెన్న రాసిన బన్నులు తిన్నాను. రుచికి కాదు, భయానికి. బరువు తగ్గకపోతే నన్నెవరూ కోయరు, నీకు ఇవ్వనన్నదాన్నీ కాను. తూకానికి ముందు లీటరున్నర నీళ్ళు తాగి వెళ్ళేదాన్ని.

బరువు చూసే నర్సమ్మ కనిపెట్టేసింది. జూలై చివర్లో ఒక గురువారం తలుపు మూసి, ఇవ్వడం ఇష్టం లేకపోతే నాతో చెప్పండమ్మా, మీది పనికిరాదని మేమే చెప్పేస్తాం, అసలు కారణం మీవాళ్ళెవరికీ తెలియదు అంది. సోమవారం చెబుతానన్నాను. శుక్ర, శనివారాలు హాయిగా నిద్రపోయాను. అదీ నీకు తెలియాలి.

ఆదివారం మరిది ఫోన్ చేశాడు, నీ ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని. మొదటి బస్సుకే వచ్చాను. నీ మొహం ఉబ్బిపోయి, పెదాలు నల్లబడి ఉన్నాయి. నువ్వు నా బరువు సంగతి అడగలేదు. మాస్కు పక్కకి జరిపి, తిన్నావా అక్కా అన్నావు.

మర్నాడు కిడ్నీ ఇస్తానని నర్సమ్మతో చెప్పాను. ధైర్యమొచ్చి కాదు. నీ రెండు నెలలు నేను తినేశానని సిగ్గేసి. భయం అప్పుడెంతుందో ఇప్పుడూ అంతే ఉంది.

బుధవారం వచ్చాక ఎదురుగా నిలబడి తిట్టు. ఎంతైనా తిట్టు. మాట్లాడటం మాత్రం మానెయ్యకు. మత్తు ఇచ్చేదాకా నాకు నీ గొంతు వినబడాలి.