తలకింద కండువా

4 ఆగస్టు 2025, సోమవారం

బీటెక్ చదివి, పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి క్వారీలో సేఫ్టీ అసిస్టెంటుగా వెలుగుతున్న తేజ అనబడే నేను ఈరోజు ఒక బొమ్మను చంపాను.

ఊపిరి ఆగినవాళ్లను బతికించే బేసిక్ లైఫ్ సపోర్ట్ ట్రైనింగు. బొమ్మకు కాళ్లు లేవు, చేతులు లేవు. అయినా మొహంలో నాకన్నా ధీమా ఉంది. తల వెనక్కి వంచాలి, గడ్డం పైకెత్తాలి, ముక్కు మూసి నోట్లోకి ఊదాలి, ఛాతీ లేవాలి. అందరికీ లేచింది. నాకు లేవలేదు. ట్రైనింగు ఇచ్చే నర్సు మెహ్జబీన్ సిస్టర్ వచ్చి చూసి, తల వంచకపోతే నాలుక వెనక్కి పడి గాలిదారి మూసేస్తుంది బాబూ, గాలంతా నీ బుగ్గల్లోనే ఉంది అంది. నేను సన్నాయి ఊదేవాడిలా పోజు పెట్టాను. అందరూ నవ్వారు. సిస్టర్ నవ్వలేదు. ఇంకోసారి చెయ్యమంది. ఈలోపు బిర్యానీ వచ్చింది.

సర్టిఫికెట్ మాత్రం అందరికీ ఇచ్చారు.

7 ఆగస్టు

ఆఫీసు బోర్డు మీద నా ఫొటో. కింద ఫస్ట్ ఎయిడర్ అని. గుంటలో నీళ్లు తోడే మోటారు చూసే సాంబశివరావు బాబాయ్ దాని ముందు నిలబడి దండం పెట్టాడు. నాకేమన్నా అయితే నువ్వు మాత్రం దగ్గరికి రామాకరా తేజా, నీ మీసం గుచ్చుకుంటది అన్నాడు.

నవ్వాను. బొమ్మ ఛాతీ ఒక్కసారి కూడా లేవలేదని ఎవరికీ చెప్పలేదు.

12 ఆగస్టు

వాన. క్వారీ గుంటలో రెండు నిలువుల నీళ్లు.

13 ఆగస్టు

వాన.

14 ఆగస్టు, సాయంత్రం 7

రాయాలి.

పదకొండుంబావుకి మోటారు పైపు చివర నీళ్లలో ఉండే ఫుట్‌వాల్వుకు చెత్త పట్టిందని బాబాయ్ గుంట అంచుకి దిగాడు. తడిసిన సున్నపు బురద. జారాడు. ఈత రాదు. మాతో పనిచేసే మౌలాలీ దూకి బయటికి లాగేసరికి మూడు నిమిషాలో, నాలుగో. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి లేదు.

మనవాళ్లు వెంటనే బోర్లా తిప్పి పొట్ట నొక్కడం మొదలెట్టారు, నీళ్లు కక్కించాలట. వద్దని అరిచాను. ఆ గొంతు నాదని నాకే తెలీలేదు. వెల్లకిలా పడుకోబెట్టించాను. అందరూ నావైపే చూస్తున్నారు, బోర్డు మీది ఫొటో గుర్తొచ్చినట్టు.

అప్పుడు మేస్త్రీ ఇమాం సాహెబ్ తన కండువాను నాలుగు మడతలు పెట్టి బాబాయ్ తలకింద దూర్చాడు. పెద్దాయన తల రాతి మీద పెడతారంట్రా, శవం అనుకున్నారా ఏంది అని కసిరాడు. నాకూ న్యాయంగానే అనిపించింది. మడత కూడా నేనే సర్దాను. ఈ ముక్క రాయకూడదనుకున్నాను. రాశాను.

ముక్కు మూసి ఊదాను. లేవలేదు. మళ్లీ ఊదాను. లేవలేదు. గాలి నా బుగ్గల పక్కనుంచే బుస్సున పోయింది. ఆయన గడ్డం ఛాతీకి ఆని ఉంది, దిండు ఎత్తుగా పెట్టుకుని పేపర్ చదివేవాడిలా. బొమ్మ. అదే బొమ్మ. వెనక ఎవరో, అయిపోయింది, ఇంటికి ఫోన్ కొట్టండ్రా అన్నారు.

కండువా లాగి పారేశాను. ఇమాం సాహెబ్ బూతులు లంకించుకున్నాడు. నుదుటి మీద ఒక చెయ్యి, గడ్డం కింద రెండు వేళ్లు. తల వెనక్కి వంగింది. ఊదాను.

లేచింది.

ఇంకోసారి ఊదాను. లేచింది. ఛాతీ మీద ముప్పై నొక్కులు, రెండు ఊదుళ్లు, మళ్లీ ముప్పై. మౌలాలీ గట్టిగా లెక్కపెట్టాడు. ఎన్ని రౌండ్లో తెలీదు. ఉన్నట్టుండి బాబాయ్ దగ్గి, నీళ్లూ పొద్దుటి ఇడ్లీ కలిపి నా షర్టు మీద కక్కాడు. పక్కకు తిప్పాం. అంత అందమైన ఇడ్లీ నేను జన్మలో చూడలేదు.

అంబులెన్స్ అప్పుడొచ్చింది.

15 ఆగస్టు, ఉదయం 5

గుంటూరు. ఐసీయూ బయట. బాబాయ్‌కి ఆక్సిజన్ పెట్టారు. మాట లేదు. జెండా వందనంలో నాకు శాలువా కప్పుతారట, ఆఫీసు నుంచి ఫోన్. రానన్నాను. మల్లీశ్వరి పిన్ని నా చెయ్యి పట్టుకుని, మా పాలిట దేవుడివయ్యా అంది. మీ ఆయన గాలిదారి మూసి రెండుసార్లు ఊదింది ఈ దేవుడే పిన్నీ అని చెప్పాలి. చెప్పలేదు. చానా జోకులు తెలిసినవాణ్ణి, ఒక్కటీ దొరకలేదు.

17 ఆగస్టు

కళ్లు తెరిచాడు. మీసం గుచ్చుకుందిరా అన్నాడు.

పిన్ని ఎదురుగానే ఆయనకి కండువా సంగతి మొత్తం చెప్పేశాను. పిన్ని ఆయన దుప్పటి ఛాతీదాకా లాగి సర్దింది. తర్వాత, మళ్లీ నేర్చుకో పో అంది.

19 ఆగస్టు

మెహ్జబీన్ సిస్టర్ దగ్గరికి వెళ్లి బొమ్మ అడిగాను. ముప్పైసార్లు ఊదాను. ముప్పైసార్లూ లేచింది. బిర్యానీ లేదు.

8 సెప్టెంబర్, మధ్యాహ్నం

బాబాయ్ డ్యూటీకొచ్చాడు. షెడ్డులో కండువా మడిచి తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. తీసేశాను. తిట్టి మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీసేశాను. ఛాతీ లేస్తోంది. దిగుతోంది. లేస్తోంది.