గోడ మీది చెట్టులో లేని కూతురు

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఉంటున్న రేణుకమ్మను నేను. కీర్తిశేషులు మల్లేశయ్య భార్యను, రిటైరైన హిందీ పండిట్‌ను, వయసు డెబ్బయి ఒకటి. నా తెలివి నా దగ్గరే ఉంది. షుగర్ కూడా ఉంది గానీ అది వీలునామాకు అడ్డం కాదని వకీలు చెప్పాడు. ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్నాను. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా అంటూ ఎవరైనా కాగితం తెస్తే నమ్మవద్దు.

1. నా జీతంతో కట్టిన ఈ ఇల్లు సర్వహక్కులతో నా కూతురు యమునకు చెందాలి.

ఇంత గట్టిగా ఎందుకంటే, ముందుగది గోడ మీద నేను ఎర్ర రంగుతో వేసిన చెట్టు ఒకటి ఉంది. సంస్కృతానికీ ఫారసీకీ ఇంగ్లీషుకూ తల్లి అయిన పాత భాషలో కూతుర్ని ‘ధుగతేర్’ అనేవారని పండితులు ఊహించారు. అదే ఆ చెట్టు వేరు. ఆ మాట విన్నవాళ్లు లేరు. పిల్లల మొహాలు చూసి తల్లి పోలిక చెప్పినట్టు చెప్పారు. దుహిత, దుఖ్తర్, డాటర్ దాని కొమ్మలు.

గృహప్రవేశం నాడు మా బావగారి కొడుకు దివాకర్ దాన్ని మా వంశవృక్షం అనుకున్నాడు. “చిన్నమ్మా, మస్తుగ ఏసినవ్ గని నా పేరేది? గీ దుఖ్తర్ ఎవరి బిడ్డ?” అన్నాడు. అందరం కడుపుబ్బ నవ్వాం. సంగతి చెప్పాక వాడికి సిగ్గేసి, “యమున పేరు గూడ లేదు గద! పెంచుకున్న పిల్లకు ఇల్లెట్ల వస్తది?” అన్నాడు. పప్పు వడ్డిస్తున్న యమున గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది.

దివాకర్, జర విను. మన ‘కూతురు’ అన్న మాట కూడా ఆ చెట్టుకు కాసింది కాదు, ‘బిడ్డ’ కూడా కాదు. తెలుగు వేరే వంశం. ఆ చెట్టు నుంచి వచ్చిన ‘మాత’, ‘నామం’ మాత్రం మన ఇంట్లో ఎప్పుడో మనవైపోయాయి. మీది ఏ ఊరని వాటిని ఎవరూ అడగలేదు.

2. నా పెద్ద నిఘంటువు పక్కింటి జోగారావుగారికి. అది ఆయన ఇంట్లోనే ఉంది, తీసుకెళ్లి తిరిగివ్వలేదు. అన్ని భాషలూ సంస్కృతం నుంచే పుట్టాయని రోజూ సాయంత్రం నాతో గొడవ పెట్టుకునే మనిషి. అయినా ఆ రోజు “ఏవయ్యా, అన్నం దగ్గర ఆడపిల్లతో అనే మాటేనా ఇది?” అని దివాకర్‌ను కడిగేసింది ఆయనొక్కడే. అందుకే ఈ వీలునామా అమలు బాధ్యత ఆయనదే.

3. మిగిలిన ఎర్ర రంగు డబ్బా, నిచ్చెన దివాకర్‌కు. మన్నెగూడలో వాడి ప్లాట్ల ఆఫీసు గోడ ఖాళీగానే ఉంది, తన పేరు ఎంత పైన కావాలంటే అంత పైన రాసుకోవచ్చు. మల్లేశయ్య చేతిగడియారం కూడా వాడికే. వాడంటే కోపమే గానీ పగ లేదు.

4. గోడకు సున్నం వేయించాలనిపిస్తే యమున వేయించుకోవచ్చు, నాకేం ఫికర్ లేదు. ఆ గోడ మీది ‘దుహిత’ అంటే పాలు పితికేది అని కొందరు పాత పండితులు అర్థం చెప్పారు. మా యమునను చూస్తే బర్రెకు భయం, బర్రెను చూస్తే యమునకు భయం. పండితులు చెప్పిందల్లా నమ్మాల్సిన పని లేదు.

5. నాకు తలకొరివి యమున పెట్టాలి. కుండ పట్టడానికి మగపిల్లవాడు కావాలని ఎవరైనా అంటే, వాళ్లను ముందు భోజనానికి కూర్చోబెట్టండి, నోరు ఖాళీ ఉండదు.

6. దశదినకర్మ కార్డు అచ్చు వేయించేటప్పుడు యమున పేరు పక్కన ‘దత్తపుత్రిక’ అని వేయకూడదు. ప్రెస్సువాడు అలవాటుగా వేస్తే ఆ కార్డులు పంచకుండా మళ్లీ కొట్టించండి. ‘కూతురు’ అని వేస్తే చాలు.

ఇబ్రహీంపట్నం, 14 ఆగస్టు 2024
(సంతకం) రేణుకమ్మ
సాక్షులు: మంజుల, బాలరాజ్