అందరి ముందు తూకం

తమ్ముడికి,

మన వయసు రోజుల్లో, నీ దగ్గర పరుగు నేర్చుకుంటున్న మన చెల్లెలు తిండి మానేసి మైదానంలో కుప్పకూలిన రోజున, ఇక ఏ పిల్లనూ పదిమందిలో తూకం వెయ్యనని అమ్మకు మాటిచ్చావు. మరుసటి ఏడే తప్పావు. ఏ చరిత్ర పుస్తకం తీసినా మాట తప్పినవాడు ఒక సాకైనా చెబుతాడు. నువ్వు అదీ చెప్పలేదు. చెల్లెలు మళ్లీ పరుగెత్తలేదు.

ఇప్పుడు నా మనవరాలు నీ జట్టులో ఉంది. పోయిన నెల దాన్ని కాటా ఎక్కించి, "బస్తా వచ్చింది, జరగండర్రా!" అన్నావట. పిల్లలంతా నవ్వారట. ఆనాటినుంచి అది అన్నం రుమాల్లో దాచి కిటికీలోంచి పారేస్తూ వచ్చింది. పక్కింటి పిల్లి బలిసేసరికి నాకు అనుమానం వచ్చింది.

"పిల్లికి పెట్టే ముద్ద నాకూ పెట్టవే," అన్నాను.

అది నవ్వబోయి ఏడ్చేసింది. "చిన్నతాతయ్య నన్ను బస్తా అన్నాడు తాతయ్యా."

డాక్టరమ్మకు చూపించాం. ఇంట్లో తూకం మాట ఎత్తవద్దని, అందరూ దానితో కలిసి కూర్చుని తినమని చెప్పింది. నిన్న నాతో ఏదో పుస్తకం గురించి వాదిస్తూ సగం కంచం తినేసింది. నెలలు పడుతుందట. పట్టనీ, అది కోలుకుంటుంది. మొండితనంలో నా మనవరాలే.

నువ్వు ఆ కాటా తీసెయ్యి. జట్టు పిల్లలంతా వినేలా నా మనవరాలితో తప్పయిందని చెప్పు. అప్పటిదాకా అది నీ మైదానంలో అడుగుపెట్టదు.

కోడలు, పిల్ల ఫోన్లో చూసే సన్నటి అమ్మాయిల బొమ్మలను తిడుతోంది. డాక్టరమ్మ ఎవరినీ నిందించవద్దంది. మిగతావన్నీ ఆవిడ చెప్పినట్టే చేస్తున్నాను. ఇది మాత్రం నావల్ల కాదు. చెల్లెలి విషయంలోనూ, దీని విషయంలోనూ నేను నిందించేది నిన్నే, తమ్ముడూ.