పేరు దొరకనివాళ్లకు మొదటి ఇల్లు

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం.

లక్ష్మక్కకు నీ తమ్ముడు సుబ్బన్న దండం పెట్టి రాస్తున్నాను. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా, చీనీ చెట్లకు ఆకు నిలిచిందా, ఊళ్లో ఎవరైనా మబ్బు మొహం చూశారా, అన్నీ రాయి. ఇక్కడ సాయంత్రమైతే జల్లు పడుతుంది. పడి, సిమెంటు మీదుగా కాలువల్లోకి పోతుంది. చూస్తే కడుపు మండుతుంది.

అక్కా, నాయన పెద్దకర్మ నాడు మన ఇంటి ముందరి గదిలో ఒక మాట అన్నారు. మరిచిపోయి ఉండవు. నేను బడిపంతులు ఉద్యోగం మీద బయట ఊళ్లలో ఉన్నాను కాబట్టి తాళంచెవి ఊళ్లో ఉండేవాళ్ల చేతికి పోయింది. దాన్ని మొలతాడుకు కట్టుకుని, "నేనుండంగా ఈ గదిలోకి పుస్తకం తప్ప ఇంగోటి రాదు" అన్నారు. అన్నది ఎవరో నీకు తెలుసు, నాకు తెలుసు. నువ్వు అక్షరాలు నేర్చిన గది అది. పొలం పనులు లేనప్పుడు ఊరంతా వచ్చి చదువుకున్న గది. కొన్నాళ్లకే అందులో చిన్నపరెడ్డి వేరుశనగ మూటలు చేరాయి, పుస్తకాలు తూకానికి పోయాయి. నేను పక్క ఊరు యాడికిలో బొరుగులు కొంటే, నాయన సంతకం ఉన్న కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. ఆ తర్వాత నేను ఊళ్లో అడుగు పెట్టలేదు.

పాత సంగతి ఇప్పుడెందుకని అడుగుతావు. భయమేసి రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే ఊళ్లో బూత్ చిన్నపరెడ్డి అరుగు పక్కనే ఉంది. నెమ్మదిగా చదువు. కంగారు పడకు. నేను బాగానే ఉన్నాను.

నేను చేరిన ఆఫీసులో వెబ్‌సైట్లు తయారుచేస్తారని ఇదివరకే రాశాను. తెలుగు దిద్దడానికి నన్ను పెట్టుకున్నారు. పని నేర్చినవాళ్లు నేర్చినట్టే పెద్ద కంపెనీలకు పోతుంటే సర్వర్ పని కూడా నా మీద పడింది. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన నా మాట వినీ వినకముందే నవ్వేవాడు. ఈ వయసులో మీకు రాదన్నాడు. ఆయన పోయాడు, నేనున్నాను, సర్వర్ నడుస్తోంది. మధ్యాహ్నం మెస్‌లో రాగిముద్ద పెడతారు. మన సంగటి కాదు, కానీ గొంతు దిగుతుంది. గదికి వస్తే మాట్లాడే మనిషి ఉండడు. పుస్తకాలున్నాయి.

సర్వర్ అంటే నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. చిన్నప్పుడు మన వీధి ఉత్తరాలన్నీ ఒకే కట్టగా వచ్చేవి. పోస్ట్‌మ్యాన్ పేరు చూసి ఏ ఇంటిది ఆ ఇంటికి ఇచ్చేవాడు. పేరు తెలియకపోతే వీధిలో మొదటి ఇల్లు మనదే కాబట్టి నాయన చేతిలో పెట్టి పోయేవాడు. సర్వర్ కూడా అంతే. బయటి లోకానికి చూపించకముందు మేము కట్టే సైట్లన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లో ఉంటాయి. ఒక్కొక్కదానికి ఒక పేరు, ఒక ఫోల్డర్. ఆఫీసులో ఏ కంప్యూటర్ నుంచి ఏ పేరు అడిగితే ఆ సైటు చూపిస్తుంది. కొత్త పేరు చేర్చినప్పుడు సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్లీ నడపాలి. లేకపోతే ఆ పేరు దానికి తెలియదు. తెలియని పేరు అడిగితే, వరుసలో మొదట ఉన్న సైటును తెరిచి చూపిస్తుంది.

ఆ మొదటిది నాది. పని నేర్చుకునేటప్పుడు కట్టుకున్నాను. నాయన గదిలో ఉన్న పుస్తకాల పేర్లు గుర్తున్నంతవరకు పెట్టాను. కింద ఆ గది ఏమైందో రాశాను. చిన్నపరెడ్డిని ఏమనాలో అదంతా అన్నాను. ఆఫీసు దాటి ఎవరికీ కనపడదు కదా అని మెత్తగా రాయలేదు.

మొన్న మా యజమాని నాగరాజు వచ్చి, తన కన్నడం కలిపిన తెలుగులో, "మేష్ట్రే, తాడిపత్రి కడె నుంచి కాలేజీ పార్టీ వస్తున్నారు, మీ ఊరి పక్కే. సైటు రెడీ మాడి పెట్టండి" అన్నాడు. పేరు అడిగితే చిన్నపరెడ్డి అన్నాడు. కాలేజీ పెట్టాడట. గదిని మింగినవాడు చదువు చెప్పిస్తాడట. ఆ మంటలోనే పనికి కూర్చున్నాను. కాలేజీ పేరు చేర్చాను, ఫోల్డర్ చూపించాను, వచ్చినవాళ్లు కూర్చునే గదిలో కంప్యూటర్‌కు కూడా ఆ పేరు చెప్పాను. సర్వర్‌ను ఆపి నడపడం మరిచిపోయాను.

వాడు వచ్చి నన్ను చూసి గుర్తుపట్టాడు.

"ఏమప్పా అయివారూ, ఈడుండావా? నువ్వు యాడనో పోయినావనుకుంటాండారు ఊళ్లో."

"ఈడనే ఉండాను."

"బెంగుళూరు నీళ్లు పడినట్టుండాయే. గుండు మెరుస్తాండాది."

నాగరాజు నవ్వి, కాలేజీ పేరు కొట్టాడు. తెర మీద నాయన గది తెరుచుకుంది.

నాగరాజుకు తెలుగు చదవడం రాదు. ఏదో తప్పు జరిగిందని మూసేయబోతే చిన్నపరెడ్డి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండప్పా, మా ఊరి పేరుండాది. చదవనీ." పెదాలు కదుపుతూ చదివాడు. "కిందికి జరుపు" అన్నాడు. నాగరాజు జరిపాడు. వాడి పేరు వచ్చింది. అక్కడా ఆగకుండా చివరిదాకా చదివాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"ఇది ఎవరెవరికి కనపడతాది?"

"ఈ ఆఫీసులోనే. బయట ఎవరికీ కనపడదు."

"అట్లయితే సరే. కడుపులో ఉండేది డబ్బాలో పోసుకున్నావు" అని నవ్వాడు.

నేను పోయి సర్వర్‌ను ఆపి నడిపాను. కాలేజీ సైటు వచ్చింది, బాగుందన్నాడు, టీ తాగాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "మీ లక్ష్మక్క చీనీ చెట్లు బాగా కాసినాయప్పా. ఈ కరువులో చీనీ చెట్టును బతికించేది చానా కష్టం. పైపు ఆగిందంటే కట్టెలకే" అన్నాడు. కోపంగా అనలేదక్కా. ఎరువు సంగతి చెప్పినట్టు అన్నాడు. అప్పటినుంచి నాకు తిండి సరిగా పోవడం లేదు.

నీ తోటకు వాడి బోరు నీళ్లు తప్ప వేరే నీళ్లు లేవు. అందుకని తొట్టి ఎప్పుడూ నిండుగా పెట్టుకో. పైపు సన్నగిల్లితే వెంటనే రాయి. వాడి మనుషులతో ఒక్క మాట కూడా అనకు. అడిగితే, తమ్ముడికి ముసలితనంలో మతి చెడింది, రాసింది తీసేశాడని చెప్పు. నేను తీసేయలేదు, చేతులు రాలేదు. వరుసలో చివరికి జరిపి, మొదట ఒక ఖాళీ పేజీ పెట్టాను. కానీ తీసేశాడనే చెప్పు. వాడితో కూర్చుని మాట్లాడగల మనిషి మీ ఇంట్లో ఉన్నాడు. ఆయనను పంపించు. ఆయన వాడితో బేరం కుదుర్చుకోవడం కొత్త కాదు. నీ తోటకు పైపు వచ్చిన ఏడూ, గదిలోకి మూటలు వచ్చిన ఏడూ ఒకటే. ఆ సంగతి నేను నిన్ను ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. చెట్లు బతకాలి.

నా గురించి దిగులు పడకు, బాగానే ఉన్నాను. వీలైతే ఎవరిచేతనైనా కొంచెం చెనక్కాయల పొడి పంపు. మీ అత్తమ్మకు, వీధిలో పెద్దవాళ్లకు నా దండాలు చెప్పు. నన్ను దీవించు.

నీ తమ్ముడు
సుబ్బన్న

ఇంకొక మాట. ఇంతకాలం కవరు మీద నీ పేరే రాసేవాణ్ణి. పాత పోస్ట్‌మ్యాన్ నిన్ను ఎరుగును. కొత్తవాడు ఆడవాళ్ల పేర్లు ఎరగక, తెలియని ఉత్తరాలన్నీ మొదటి ఇంట్లో పడేస్తున్నాడని నువ్వే రాశావు. మొదటి ఇల్లు ఇప్పుడు చిన్నపరెడ్డి గోడౌను. ఈ ఉత్తరం అక్కడ పడకూడదు. అందుకని పోస్ట్‌మ్యాన్ తప్పకుండా ఎరిగిన పేరు, ఇన్నేళ్లుగా నా చేత్తో రాయని పేరు, ఆ పేజీలో కూడా నీ కోసం రాయకుండా వదిలిన పేరు కవరు మీద రాస్తున్నాను. చిన్నపరెడ్డి గది అడిగాడు, అడిగేవాడు అడుగుతాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇచ్చినవాణ్ణే నేను ఈ రోజుకీ తప్పు పడతాను. మీ ఆయన, ఓబులేసు బావ.