ముల్లుగర్ర మీది బురద గీత

నాయనా,

నువ్వు పోయి ఏడాదయింది. మన వరిమడికి ట్రాక్టరు కొన్నాం. దోణిమలై గనుల నుంచి ఇనుపరాయి తోలడానికి ఊరంతా పెద్ద ట్రాక్టర్లే తెస్తున్నారు. తమ్ముడూ అదే కావాలన్నాడు. అమ్మ మాత్రం నువ్వు ఎద్దులను తోలిన ముల్లుగర్రను సిరుగుప్పలోని ట్రాక్టర్ల షాపుకు తీసుకొచ్చింది. కాలవ నీళ్లు వచ్చాక నువ్వు మడిలో గుచ్చి బురద లోతు చూసిన గీత దాని మీద ఇంకా ఉంది. ఆ కర్రను ఒక్కో ట్రాక్టరు చక్రం పక్కన నిలబెట్టింది.

"మా మడి ఈ గీత దాకా దిగబడతాది. బరువైంది మునిగిపోతాదప్పా, తేలికైంది చూపియ్యి," అంది షాపాయనతో.

ఈరోజు ఆ చిన్న ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలించి, తమ్ముడే మడిలోకి దించాడు. మన ఎద్దులు ఏటా మోకాళ్ల మీద కూలబడే మూలకు పోయేసరికి నేను గట్టు చివరికి పరుగెత్తాను. ట్రాక్టరు నీళ్లను చీల్చుకుంటూ, పడవలా, ఆగకుండా సాగిపోయింది. వెనక కొంగల బారు. నేను గట్టు మీద అలా నిలబడిపోయాను.

ట్రాక్టరు బయటికొచ్చాక అమ్మ చక్రానికి కర్ర ఆనించింది. తడి బురద సరిగ్గా నీ గీత దాకా ఉంది.

అమ్మ కర్ర పక్కన పెట్టింది. నువ్వు మడి నుంచి వచ్చినప్పుడు నీ కాళ్ల మీద పోసినట్టే, చెంబుతో నీళ్లు తెచ్చి మెల్లగా చక్రం మీద పోసింది.