కౌబాయ్ యోగానంద్ అప్పగింతలు

సిడ్నీ నగరం, పారమట్టాలో కాపురముంటున్న ముక్కామల యోగానంద్ అనే నేను, వారమంతా కోబాల్ ప్రోగ్రామర్‌గానూ, శని ఆదివారాలు కంట్రీ గాయకుడిగానూ రెండు చోట్లా అంతంతమాత్రంగా నెగ్గుకొచ్చినవాణ్ని, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ ప్రేరేపణా లేకుండా రాయించిన కడపటి వీలునామా ఇది. బుద్ధి స్థిమితంగానే ఉందని డాక్టరుగారు కాగితం ఇచ్చారు. గుర్రమంటే భయపడేవాడు, గొడ్డుమాంసం ముట్టనివాడు, పశువులు తోలుకుపోయే పాటలు పాడి పేరు తెచ్చుకుందామనుకోవడం స్థిమితమేనా అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

జనవరి మూడో వారంలో నాకు గుండె ఆపరేషన్. మొదటి వారంలోనే చేస్తామన్నారు గానీ నేనే వాయిదా అడిగాను. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని లోకం బెదిరిపోతోంది. ఆ ప్రోగ్రాములు రాసింది నాలాంటివాళ్లే కనుక ఆపరేషన్ గదిలో యంత్రాల నడవడిక కొన్నాళ్లు చూశాకే వాటికి ఒళ్లప్పగిద్దామనుకున్నాను. ఈలోగా గానీ, ఆ తర్వాత గానీ నేను పోతే, ఈ కింది ప్రకారం జరగవలెను.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత ముస్తాక్‌ది. హైదరాబాదులో ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో కోబాల్ నేర్చుకుని, ఒకే ఏడాది ఇక్కడికి వచ్చి, ఒకే ఆఫీసులో పడ్డాం. నేను గే అని చెప్పినప్పుడు నన్ను ఎగాదిగా చూసి, "అదంతా సరే యార్, ఆ కౌబాయ్ టోపీ ఎందుకు?" అని అడిగిన మనిషి. అతనికి ఇందులో చిల్లిగవ్వ రాయడం లేదు. సాక్షి సంతకం చేసినవారికి వీలునామాలో ఏదైనా రాసి ఉంటే, ఇక్కడి చట్టం ప్రకారం అది చెల్లదట. అతని సంతకం నాకు అవసరం.

2. నాతో కాపురం చేస్తున్న గ్లెన్ డబ్బో అనే ఊరి దగ్గర పల్లెలో పుట్టాడు. లారీలు బాగుచేస్తాడు, నా పాటల వెనక స్టీల్ గిటార్ వాయిస్తాడు. ఇల్లు, కారు, గిటార్లు, బ్యాంకులో ఉన్నది, విడిగా ఎవరికీ రాయనిది, రాసినా చెల్లకుండా పోయినది, సమస్తమూ సర్వహక్కులతో అతనికే చెందవలెను. గ్యారేజీలో మూలుగుతున్న అమ్ముడుపోని సీడీలు కూడా అతనివే. వద్దనే హక్కు అతనికి లేదు. ఆ సీడీ అట్ట మీద నేను గుర్రమెక్కి మహా ఠీవిగా ఉంటాను. ఫొటోలో పడకుండా కింద నక్కి కూర్చుని కళ్ళెం పట్టుకున్నవాడు గ్లెన్. నా సంగీత జీవితం మొత్తం అలాగే నడిచింది.

3. నా టోపీ, గ్లెన్ సొంతూరి పబ్‌కు. అక్కడే మొదటిసారి మైకు పట్టుకుని, "ఈ పాట నా గ్లెన్‌కి, అడుగో, నా వెనక గడ్డపాయన" అని చెప్పాను. హాల్లో తలలన్నీ గ్లెన్ వైపు తిరిగాయి. అప్పుడు బార్ దగ్గర నుంచి ఒక ముసలి రైతు, "పాడు మేట్, బీరు వేడెక్కిపోతోంది" అని కేకేశాడు. పాడాను. చప్పట్లు పెద్దగా పడలేదు గానీ సీసాలు కూడా పడలేదు. కంట్రీ సంగీతంలో నాకు జరిగిన ఘనసన్మానం అదొక్కటే.

4. ప్రేమపాటల్లో గ్లెన్‌ను ఆడపిల్లగా మార్చి పాడితే రెండో ఆల్బమ్ వేస్తానన్న రికార్డు కంపెనీ పెద్దమనిషికి, నా పాత బూట్లు, ఉతకని మేజోళ్లతో సహా. మార్చనన్నానని నన్ను వదిలేశాడు. గొంతు బాగాలేదని వదిలేసి ఉంటే చేతులెత్తి నమస్కరించేవాణ్ని.

5. మేనకోడలు స్నేహకు నా మొదటి గిటార్. పక్క రాష్ట్రంలో, వెర్రిబీలో మా అక్క దగ్గర ఉండి యూనివర్సిటీకి వెళ్తోంది. "మామయ్యా, యు ఆర్ సో ఎంబరాసింగ్" అంటూనే క్లాసులో అందరికీ నా సీడీలు అంటగట్టిన పిల్ల. వాళ్లమ్మ నాతో మాటలు మానేశాక మా మధ్య రాయబారం దానిదే. కిందటి పుట్టినరోజుకు ఫోన్ చేసి, "మమ్ నీకు హ్యాపీ బర్త్‌డే చెప్పలేదు, బట్ షి మేడ్ పాయసం" అంది. ఆ కబురుకే ఆ రోజంతా కడుపు నిండిపోయింది.

6. మా అక్క శ్యామసుందరికి అమ్మ హార్మోనియం. దాని మీదే అమ్మ మా ఇద్దరికీ పాట నేర్పింది. అక్కకు సంగీతం వచ్చింది, నాకు మొండిధైర్యం వచ్చింది. అమ్మ దాన్ని ఎందుకో నా చేతిలో పెట్టింది. అక్క మనసు మాత్రం దాని మీదే ఉండిపోయింది. మా ఇంటికొచ్చినప్పుడల్లా పమిట కొంగుతో దాన్ని తుడిచి గానీ కాఫీ తాగేది కాదు.

అలా రావడం ఎందుకు మానేసిందో కూడా రాస్తున్నాను. కిందటేడు అక్క స్నేహితురాళ్లతో ఇక్కడి హెలెన్స్‌బర్గ్ గుడికి వచ్చింది. నేనూ గ్లెన్‌తో వెళ్లాను. అర్చనకు పూజారిగారు గోత్రం, పేర్లు అడిగారు. కౌండిన్యస గోత్రం, యోగానంద్, గ్లెన్ అన్నాను. ఇంట్లోవాళ్ల పేర్లడిగితే ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లేగా చెబుతాం. తెల్లకోడళ్ల పేర్లు చదివి చదివి అలవాటైన ఆ పుణ్యాత్ముడు, తలెత్తి చూడకుండా, "ధర్మపత్నీ గ్లెన్ సమేతస్య" అని మైకులో ఖంగుమనిపించారు. తన పేరు వినగానే గ్లెన్ గడ్డం సర్దుకుని, ముందుకొచ్చి, భక్తిగా చేతులు జోడించాడు. హారతి పళ్ళెం గాల్లో ఆగిపోయింది. పాపం, ఆయన తేరుకుని ఇద్దరికీ శఠగోపం పెట్టారు. అక్క మాత్రం ప్రసాదం తీసుకోకుండా కారు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత నా ఫోను ఎత్తలేదు.

నా సంగతి అక్కకు ముందే తెలుసు. పుట్టింటి గోత్రంలో, నలుగురి ఎదుట వినాల్సి రావడం ఆమెకు తలకొట్టేసినట్టయింది. అక్కా, నేను స్వామి ఎదుట అబద్ధం చెప్పి ఉంటే నీ కోపానికి తల వంచేవాణ్ని. నువ్వు పక్కన లేకుండా ఆపరేషన్ బల్ల ఎక్కాలంటే నాకు భయంగా ఉంది. ఇది మాత్రం వేళాకోళం కాదు.

7. నా దహనం రోజున తలకొరివికి బదులు ఇక్కడ మీట నొక్కుతారు, ఆ హక్కు గ్లెన్‌ది. ముందు వరసలో మొదటి కుర్చీ అతనిది. రక్తసంబంధం పేరు చెప్పి ఎవరూ అతణ్ని వెనక్కి నెట్టరాదు. అతణ్ని నా రూమ్మేట్ అని పరిచయం చేసినవారికి మంచినీళ్లు కూడా ఇవ్వరాదు. ఆ రోజు మావాళ్లలో ఒక్కరూ అతని పక్కన నిలబడరేమోనన్న బెంగతోనే ఈ వీలునామా రాయించాను, మిగతావన్నీ సందులో సడేమియా వ్యవహారాలు. నా పాటలు వేయవద్దు. వచ్చినవాళ్లు అప్పటికే దుఃఖంలో ఉంటారు.

8. సంతకాలకు ముందు నా చేత్తో చేర్చినది. ఈ రోజు లాయరు కేశవరావుగారి ఆఫీసుకు రెండో సాక్షిగా రావలసిన పక్కింటాయన బీచ్‌కి చెక్కేశాడు. ఆయన రాలేదు గానీ స్నేహ వచ్చింది, వెర్రిబీ నుంచి రాత్రంతా కారు నడిపి, వాళ్లమ్మను వెంటబెట్టుకుని. అక్క నేరుగా బల్ల దగ్గరికి వెళ్లి కాగితాలన్నీ చదివింది. ఆరో అంశం దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. ఏడోది కూడా చదివి, "రెండో సంతకం నేను చేస్తానండీ" అంది. చేస్తే హార్మోనియం మీకు దక్కదమ్మా, మా గుమస్తాను పిలుస్తానని కేశవరావుగారు చెప్పారు.

"గుమస్తా వీడికేమవుతాడండీ?" అంది అక్క. "నాకు దక్కకపోతే గ్లెన్‌కి పోతుంది, అంతేగా? గ్లెన్ ఉన్న ఇల్లు నాకు పుట్టిల్లు కాదేంటి? వెళ్లి వాయించుకుంటాను. ఏడుపు ఆపి సంతకం పెట్టరా, కాగితం తడిసిపోతోంది."

ఆమె మాటలు స్నేహ ఇంగ్లీషులో చెప్పాక నా పక్కనున్న గ్లెన్ కూడా ఏడుపు మొదలెట్టాడు. ముస్తాక్ కర్చీఫు కోసం జేబులన్నీ వెతుక్కుంటున్నాడు. ఈ గుంపును నమ్ముకుని సంతకం చేస్తున్నాను.

పారమట్టా, 1999 డిసెంబరు 29, బుధవారం.

(సంతకం) ముక్కామల యోగానంద్

మేమిద్దరం చూస్తుండగా సంతకం చేశాడని సాక్షులు:

1. ముస్తాక్, స్నేహితుడు.

2. శ్యామసుందరి, యోగానంద్‌కు అక్క, గ్లెన్‌కు ఆడపడుచు.